వైకుంఠం బొమ్మల్లో ఎరుపు, బొట్టు, చీర అంచు: తరగతిలో ఏమని చెప్పాలి?

పానగల్లు టీచర్

అందరికీ నమస్కారం. నల్లగొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం చెబుతున్నాను. ఈ నెల తొమ్మిదో తరగతికి తోట వైకుంఠం బొమ్మలు చూపించబోతున్నాను. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాదులో చదివి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకొని, తన ఊరి ఆడవాళ్లనూ మగవాళ్లనూ బొమ్మ నిండా నిలబెట్టిన చిత్రకారుడు ఆయన. మా పిల్లలకు రవివర్మ పేరు తెలుసు, పికాసో పేరు తెలుసు, ఈయన పేరు తెలియదు. అది నన్ను బాధిస్తోంది.

పిల్లల దగ్గర ఉన్న గైడులో ఒక పట్టిక ఉంది. ఎరుపు శక్తికి, పసుపు శుభానికి, ఆకుపచ్చ పంటకు, చిలుక ప్రేమకు చిహ్నమట. అది బట్టీ పడితే మార్కులు వస్తాయి. కానీ ఆ పట్టిక చదివాక బొమ్మలో అంతకు ముందు కనిపించనిది ఏదైనా కనిపిస్తుందా? నాకైతే కనిపించలేదు. ఆ స్త్రీల నుదుట బొట్టు అంత పెద్దదిగా ఎందుకుంది? ఒంటి రంగు అంత నలుపు, చీర అంత ఎరుపు ఎందుకు? వెనుక ఇల్లు లేకుండా, చెట్టు లేకుండా ఒకే రంగు పూత ఎందుకు? బొమ్మలు వేసేవారు, బట్టలు నేసేవారు, ఇష్టంగా చూసేవారు ఎవరైనా సరే, మీ కంటికి తోచింది చెప్పండి.

బోర్డు పెయింటర్, మిర్యాలగూడ

మేడమ్, నేను కళాశాలలో చదివిన చిత్రకారుణ్ణి కాను. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులు, గోడ రాతలు, సినిమా బ్యానర్లు వేసి బతికినవాణ్ణి. అందుకే అర్థం కన్నా ముందు రంగు ఎలా పని చేస్తుందో చెబుతాను.

తెల్లగోడ మీద ఎరుపు ఒక రకంగా కనిపిస్తుంది. ముదురు గోధుమ పక్కన అదే డబ్బాలోని ఎరుపు మరో రకంగా వెలుగుతుంది. వైకుంఠం గారు ఆ స్త్రీల ఒంటికి వాడిన నలుపు లేకపోతే ఆ చీరలకు అంత తేజస్సు రాదు. బ్యానర్ల కాలంలో కథానాయిక ముఖం ఎలాంటిదైనా గులాబీ రంగు కలపమనే అడిగేవారు. ఈయన నలుపును దాచలేదు సరికదా, బొమ్మలోని మిగతా రంగులన్నీ ఆ నలుపు మీదే నిలబడేటట్లు అమర్చారు. ఆయన బొమ్మల్లో ఉన్న అన్నిటికన్నా పెద్ద మాట నా దృష్టిలో అదే. ఎరుపు దాని తరువాతే.

వెనుక ఖాళీ సంగతి. అక్షరం చుట్టూ చోటు వదలకపోతే బోర్డు దూరం నుంచి చదవలేం. ఇల్లూ చెట్టూ గీస్తే ఆ మనిషి ఒక ఊరి దృశ్యంలో భాగమైపోతుంది. అవి తీసేస్తే మనిషే మిగులుతుంది. దేవుడి పటాల్లో దేవుడికి ఇచ్చే చోటు ఆయన కూలి తల్లికి ఇచ్చారు.

చిత్రకళ విద్యార్థి, వనపర్తి

పెయింటర్ అన్న చెప్పిన దానికి కొంత చేరుస్తాను. కలిపి తయారు చేసిన రంగులు తనకు నచ్చవని, ఎరుపు, కాషాయం, పసుపు లాంటి నిండు రంగులే మన నేల రంగులని వైకుంఠం గారు చాలాసార్లు చెప్పారు. తాను గీసే స్త్రీలలో తన తల్లి ఉందని, చిన్నప్పుడు ఊళ్లో చూసిన ఆడవేషాల మగ నటులు కూడా ఉన్నారని ఆయనే చెప్పుకున్నారు. ఈ రెండో సంగతి తెలిశాక నాకు ఆ బొమ్మలు వేరుగా కనిపించడం మొదలైంది. వెడల్పు భుజాలు, బరువైన చేతులు, సగం వాలిన పెద్ద కళ్లు, పక్కకు తిప్పి పెట్టిన ముఖం. వీటిలో నటన ఉంది. ఆమె బావి దగ్గర ఉన్నా, గుడి దగ్గర ఉన్నా, చూసేవారు ఉన్నారని ఆమెకు తెలుసు.

భాగోతులవారి మనవడు, దేవరకొండ

విద్యార్థి తమ్ముడు మా ఇంటి సంగతి ఎత్తాడు కాబట్టి రాస్తున్నాను. మా తాత ఆడవేషాలు కట్టేవాడు. ముఖానికి అర్దళం అనే పసుపు రంగు పూత, కనుబొమ్మలకు కాటుక, నుదుట తిలకం. పెట్రోమాక్స్ వెలుగులో, ఊరంతా కింద కూర్చొని చూస్తుంటే, చివరి వరుసలోని ముసలమ్మకు కూడా ఇది సత్యభామ అని తెలియాలి. సన్నని బొట్టు పెడితే ఎవరికి కనిపిస్తుంది? చీర అంచు సన్నగా ఉంటే నడక ఎలా తెలుస్తుంది? వేషంలో ప్రతిదీ పెద్దదే. కళ్లు పెద్దవి, నగలు పెద్దవి, బొట్టు పెద్దది.

అందుకే పిల్లలకు చెప్పేటప్పుడు ఆ బొట్టును గుడితో మాత్రమే ముడిపెట్టవద్దు టీచరమ్మా. అది రంగస్థలం మీది బొట్టు కూడా. దాన్ని పెట్టుకున్నది మగవాడు కావచ్చు. తెల్లవారితే అది కడుక్కొని మా తాత పొలానికి వెళ్లేవాడు.

ఊట్కూరు అక్క

ఇక్కడివారంతా మెచ్చుకుంటున్నారు. నేను ఎదురు చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే ఈ పాఠం వినేవాళ్లలో ఆడపిల్లలు ఉంటారు.

మాది నారాయణపేట జిల్లా. మా వైపు దళితుల ఆడపిల్లలను దేవుడికి పెళ్లి చేసి జోగినిగా విడిచిపెట్టిన ఆచారం ఉండేది. 1988లో చట్టం చేసి నిషేధించారు. చట్టం వచ్చిన తరువాత కూడా అది పోవడానికి ఎంతోమంది పోరాడవలసి వచ్చింది. భర్త దేవుడు కాబట్టి జోగిని నుదుటి బొట్టు ఎప్పటికీ చెరగదని గొప్పగా చెప్పేవారు. ఊరి పెద్దలకు ఆ బొట్టు ఒక అనుమతి. మరోవైపు అదే ఊరిలో భర్త చనిపోయిన ఆడమనిషి బొట్టును నలుగురి ముందు తుడిచేస్తారు. పెళ్లి పందిట్లో ఆమెను వెనక్కి జరగమంటారు. ముత్తైదువ బొట్టు, జోగిని బొట్టు, తుడిచేసిన బొట్టు: ఈ మూడూ తెలిసిన కంటికి అది శక్తి చిహ్నం అంటే ఎలా ఒప్పుతుంది?

ఇంకొకటి. పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు వలస వెళ్లిన ఆడవాళ్లను చూశాను. సిమెంటు దుమ్ములో చీర ఏ రంగుదో తెలియదు. తలగుడ్డ రంగు వెలిసిపోయి ఉంటుంది. వైకుంఠం గారి స్త్రీలు వాళ్లు కారు. తీరికగా, నిండుగా, నగలతో ఉంటారు. ఆ బొమ్మలు నగరాల్లో పెద్ద ఇళ్ల గోడల మీదికి చేరతాయి. తెలంగాణ స్త్రీ అంటే ఇదే అని అక్కడివాళ్లు అనుకుంటే, మా వాళ్ల దుమ్ము రంగును ఎవరు గీస్తారు?

పుట్టపాక మగ్గం

అక్క అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను నేతపని వైపు నుంచి మాట్లాడతాను.

మా ఊళ్లో నేసే తేలియా రుమాలు అనే బట్టకు సంప్రదాయంగా మూడే రంగులు. ఎరుపు, నలుపు, తెలుపు. ఆ ఎరుపు తేలికగా రాదు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో కలిపి పిసికి, ఆరబెట్టి, మళ్లీ పిసికి, రోజుల తరబడి సిద్ధం చేయాలి. అప్పుడు గాని అలిజరిన్ అనే అద్దకపు ఎరుపు నూలుకు గట్టిగా పట్టదు. నేసిన తరువాత కూడా బట్టలో నూనె వాసన ఉంటుంది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, ఆ ఎరుపు కోసం చేతులు పడే పాటు అంతకు ముందూ అంతే, ఇప్పుడూ అంతే. అందుకని ఎరుపును చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది పని. శుభం ఆ తరువాత.

మా దగ్గర నేయకముందే దారానికి కట్లు కట్టి రంగులో ముంచుతాం. కాబట్టి ఒక రంగు ఇంకో రంగులోకి కొద్దిగా చెదిరినట్లు కనిపిస్తుంది. అది ఇకత్ గుణం, దాన్ని ఎవరూ పూర్తిగా ఆపలేరు. వైకుంఠం గారి చీరల్లో ఆ చెదరడం ఉండదు. గీత గట్టిగా, రంగు గీత లోపలే. చీర నేసినవాడి కళ్లతో ఆయన గీయలేదు, కట్టుకున్నదాన్ని ఎదురుగా నిలబడి చూసినవాడి కళ్లతో గీశారు. ఇది తప్పని అనడం లేదు. కానీ పిల్లలు ఆ తేడా చూడాలి.

ఇక ఆ చేతుల గురించి. మా ఇళ్లలో ఆసు పోసేది, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పేది, ఆడవాళ్లు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ముందుకూ వెనక్కీ కదలాలి. భుజం నొప్పితో రాత్రుళ్లు నిద్ర ఉండదు. తల్లి పడే ఆ బాధ చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. వైకుంఠం బొమ్మల్లో ఆడవాళ్ల భుజాలు సన్నగా, సుకుమారంగా లేవు. పని చేసిన ఒళ్లు అది. దుమ్ము లేదు, నిజమే. కానీ పని ఆనవాలు పూర్తిగా లేదని నేను ఒప్పుకోను.

ఎర్రమట్టి, సూర్యాపేట

నల్లగొండ వాళ్ల కంటికి ఎరుపు అనగానే ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఎవరూ అనలేదు. 1946 జూలై 4న, దొరలకు ఎదురు తిరిగిన రైతు పోరాటంలో, కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత ఈ జిల్లాలో ఎర్రజెండా లేని ఊరు వెతుక్కోవాలి. ఇప్పటికీ ఊరి మధ్యలో స్తూపాలకు ఏటా ఎర్ర రంగు వేస్తారు. మా నాయనమ్మకు కుంకుమ ఎరుపూ ఆ జెండా ఎరుపూ రెండూ ఇంటివే.

వైకుంఠం ఎరుపులో ఆ జెండా లేదు. ఆయన గీసిన మగవాళ్లను చూడండి. నామాలు పెట్టుకున్న పంతులు, కండువా వేసుకున్న పెద్దమనిషి, వాయిద్యగాడు. చేతిలో కర్ర పట్టుకొని దొర మీదికి వెళ్లినవాడు కనిపించడు. అది ఆయన ఎంచుకున్న దారి. చిత్రకారుడు దేన్ని గీయలేదో కూడా పిల్లలకు చెప్పాలని నా కోరిక. ఒకే జిల్లాలో ఒకే రంగు ముత్తైదువ నుదుటా ఉంటుంది, స్తూపం మీదా ఉంటుంది. ఎవరి ఒంటి మీద ఉంది, దేని పక్కన ఉంది అని అడగకుండా అర్థం చెప్పే పట్టిక ఏదైనా సరే, చింపి అవతల పారేయవలసిందే.

చిత్రకళ విద్యార్థి, వనపర్తి

ఊట్కూరు అక్క, సూర్యాపేట అన్న ఇద్దరికీ కలిపి ఒక విషయం గుర్తు చేస్తాను. 1988లో వచ్చిన బి. నర్సింగరావు సినిమా 'దాసి'కి కళా దర్శకుడు వైకుంఠం గారే. ఆ పనికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. నిజాం కాలపు గడీ, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దొరసాని వెంట ఆ గడీకి వచ్చిన దాసి, ఆమె మీద దొర అధికారం. అందులో నిండు ఎరుపు ఎక్కడుంది? మసకబారిన గోడలు, తక్కువ వెలుగు, పాత గుడ్డలు. గడీ లోపల స్త్రీ బతుకు ఏ రంగులో ఉండేదో ఆయనకు తెలియక కాదు. తెలిసి, దాన్ని ఒక చోట అలా చూపించి, కాన్వాసు మీద మాత్రం అదే వర్గం స్త్రీకి నగలు పెట్టి, ఎర్రచీర కట్టి, తల ఎత్తి నిలబెట్టారు.

నాకు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. గడీలో ఆమెకు దక్కనిది బొమ్మలో దక్కింది. అది అబద్ధమా, బాకీ తీర్చడమా అని పిల్లలు వాదించుకోనివ్వండి మేడమ్.

బోర్డు పెయింటర్, మిర్యాలగూడ

ఆ సినిమాకు దుస్తులు రూపొందించి జాతీయ అవార్డు తెచ్చుకున్నది మా మిర్యాలగూడ మనిషే. ఆ తరువాత ఊరంతా ఆయన్ను దాసి సుదర్శన్ అనే పిలిచింది. ఒక గుడ్డ ఎంత మాసి ఉంటే అది దాసి గుడ్డ అవుతుందో, ఎంత ముడత ఉంటే దొరసాని పట్టు అవుతుందో తేల్చడం మామూలు చూపుకు అందే పని కాదు. బొమ్మల గురించి మాట్లాడే చోట ఆయన పేరు రావాలి.

ఊట్కూరు అక్క

తమ్ముడూ, 'దాసి' నేనూ చూశాను. నువ్వు చెప్పిన పోలిక బలమైనది. అయినా నా మాట అక్కడే ఉంది. బొమ్మలో ఆమెకు గౌరవం దక్కింది అంటున్నావు. ఆ గౌరవం నగలతోనూ, బొట్టుతోనూ, నిండు చీరతోనూ వచ్చింది. అవి లేని ఆడమనిషి ఆ కాన్వాసు మీద అంతే ధీమాగా నిలబడగలదా? ఆయన బొగ్గుతో గీసిన బొమ్మలు కూడా ఉన్నాయి కదా. అక్కడ రంగు లేదు, గీతే ఉంది. నాకు ఆ బొమ్మలే దగ్గరగా అనిపిస్తాయి. మేడమ్, వాటిని కూడా తరగతిలో చూపించండి. ఇంకో పని చేయండి. రంగు బొమ్మ ప్రింటు ఒకటి తీసుకొని, బొట్టు మీద చిన్న కాగితం ముక్క అంటించి చూపించండి. ఆమె వయసు ఎంత, ఇంట్లో ఎవరున్నారు, ఏం ఆలోచిస్తోంది అని అడగండి. తరువాత కాగితం తీసి మళ్లీ అదే అడగండి.

గద్వాల కోడలు

ఆ బొట్టు ప్రయోగం తప్పకుండా చేయండి టీచర్. నేను చీర అంచు గురించి రెండు మాటలు చెబుతాను. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేరు వేరు దారాలు, కుప్పడం పద్ధతిలో వాటిని కలుపుతారు. రోజంతా ఒంటి మీద ఉండేది మెత్తని నూలు, నలుగురి కంట పడేది మెరిసే పట్టు. వైకుంఠం బొమ్మల్లో కూడా నా కన్ను ముందు అంచు మీదికే పోతుంది. ఒళ్లంతా ఒక్క రంగు, అంచు ఇంకో రంగు, ఆ గీత భుజం మీంచి కిందికి దిగుతూ మనిషి నిలబడిన తీరును చెబుతుంది. కూర్చుందో, తిరిగిందో, బరువు ఏ కాలి మీద వేసిందో అంచును బట్టే తెలుస్తుంది. చిహ్నం అంటే పువ్వూ చిలుకా మాత్రమే అనుకోకూడదు.

పుట్టపాక మగ్గం

చిహ్నాలు, రంగులు అనే మాట వచ్చింది కాబట్టి మా జిల్లా చిత్రకారుడు ఏలె లక్ష్మణ్‌ను కూడా తలచుకోవాలి. ఉమ్మడి నల్లగొండ జిల్లా కదిరేనిగూడెం, నేత కుటుంబం. 2014లో రాష్ట్ర అధికార చిహ్నం రూపొందించింది ఆయనే. ఆకుపచ్చ, బంగారు రంగుల్లో కాకతీయ తోరణం, దాని మధ్య చార్మినార్, పైన సింహాల స్తంభం. మా పిల్లలు ప్రతి సర్టిఫికెట్ మీదా చూస్తారు, గీసింది ఎవరో తెలియదు. 2024లో దాన్ని మార్చాలనే ఆలోచన వచ్చినప్పుడు, తెలంగాణ తల్లి విగ్రహానికి ఆకుపచ్చ చీర కట్టి, చేతిలోని బతుకమ్మను తీసేసినప్పుడు, ఎంత పెద్ద గొడవ జరిగింది! ఒక రంగుకు, ఒక గుర్తుకు అంత బరువు ఉందని అప్పుడు అందరికీ తెలిసింది.

వేదిక నిర్వాహకుడు

మనవి. విగ్రహం, అధికార చిహ్నం మీద పార్టీల వాదన ఇక్కడికి రానివ్వకండి. అలాంటి వ్యాఖ్యలు తొలగించాను. చిత్రకారుల పని గురించి ఎంతైనా రాయవచ్చు.

పానగల్లు టీచర్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న తరగతి జరిగింది. గైడు పట్టిక పక్కన పెట్టించి, ఊట్కూరు అక్క చెప్పినట్లు బొట్టు మీద కాగితం అంటించిన ప్రింటుతో మొదలుపెట్టాను. ఆమె ముసలిదని కొందరు, కోపంగా ఉందని కొందరు, ముస్లిం అమ్మాయి అని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఒక అమ్మాయి లేచి, ఆమె ఎవరి కోసమూ ఎదురు చూడడం లేదు, అంతకు ముందు చూసిన బొమ్మలో మాత్రం చూస్తున్నట్లు ఉంది అంది. ఆ మాట మీద చాలాసేపు వాదన నడిచింది. ఎదురు చూడకపోవడం మంచిదని ఆడపిల్లలు, దిగులుగా ఉందని మగపిల్లలు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది వెనుక బెంచీలోని ఒక అబ్బాయి. బొట్టు కప్పేసరికి చిలుక పెద్దదైంది టీచర్ అన్నాడు. నేను వెళ్లి మళ్లీ చూశాను. నిజంగానే అంతవరకు పక్కన ఉన్న చిలుక ఇప్పుడు బొమ్మ మధ్యలోకి వచ్చినట్లు ఉంది. దీనికి కారణం ఏమిటి పెయింటర్ గారూ?

బోర్డు పెయింటర్, మిర్యాలగూడ

ఆ అబ్బాయికి మంచి కన్ను ఉంది మేడమ్, వదలకండి. నలుపు మధ్యలో గుండ్రని ఎర్రచుక్క ఉంటే కన్ను అక్కడ ఆగుతుంది, మిగతా బొమ్మను అక్కడ నుంచే కొలుస్తుంది. దాన్ని కప్పితే కన్ను మరో చిన్న ఎరుపు కోసం వెతుకుతుంది. చిలుక ముక్కు ఎరుపు. చుట్టూ ఆకుపచ్చ ఉండడం వల్ల అది ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. చిలుకను ఆయన అక్కడ పెట్టడానికి ప్రేమ కథలు ఒక కారణం కావచ్చు గాని, నుదుటి ఎరుపుకు జవాబుగా ఒక చిన్న ఎరుపు కావాలన్నది కూడా కారణమే అని నా నమ్మకం. ఈసారి చిలుక ముక్కును కప్పి, బొట్టును వదిలి చూడమనండి.

ఒక జాగ్రత్త. ఇంటర్నెట్ కేంద్రాల్లో తీసే ప్రింట్లలో ఆయన ఎరుపు నారింజ వైపు జారుతుంది, నలుపు బూడిద రంగులోకి పోతుంది. వీలైతే పిల్లలను హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు తీసుకువెళ్లండి. అక్కడ ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఎవరి బొమ్మ అయినా సరే, అసలు పూత మీద వెలుగు పడటం వాళ్లు ఒకసారి చూడాలి.

పుట్టపాక మగ్గం

హైదరాబాదుకు ముందు మా ఊరికి తీసుకురండి టీచర్. నూలు నూనెలో పిసికే రోజు ముందుగా చెబుతాను. పాత బట్టలు వేసుకొని రమ్మనండి, ఆ ఎరుపు అంటితే పోదు.

పానగల్లు టీచర్

తప్పకుండా వస్తాం, రోజు చెప్పండి. చిలుక ముక్కు కప్పే పని సోమవారం పెట్టుకుంటాను. ఊట్కూరు అక్కా, బొగ్గు బొమ్మలు ఆ తరువాతి వారం చూపిస్తాను. అప్పటికి చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచ్చింగులు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మలు) కూడా పక్కన పెట్టి చూపించాలని ఉంది. వాటి గురించి తెలిసినవారు రాస్తే వేరే చర్చ మొదలుపెడతాను.